సొంత జట్టు మీద ఎత్తిన జెండా

"జెండా ఎందుకండీ? అక్కడ మిమ్మల్ని ఎవరు పట్టుకోనిస్తారని?" అన్నాను.

"కార్లో పడుంటుందిలే. నీకేమన్నా బరువా?" అన్నాడు.

నాకూ మా ఆయనకూ మధ్య చివరి మాటలు ఇవే. గంటన్నర దూరంలో బంతాట చూడటానికి వెళ్ళి, ఆ మైదానం పక్కన కార్లు ఆపేచోట పడిపోయాడు. ఫోన్ వచ్చేసరికి నేను బట్టలు మడతపెడుతున్నాను. అంతకు ముందు ఏడాది వరకు ఆట మా వీధి చివరే జరిగేది. అక్కడే పడుంటే తల నా ఒళ్ళో ఉండేది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు మర్చిపోతాయని లోకమంతా హడలిపోయిన రోజులవి. ఆ తేదీలు సరిచేసే పనికి సిడ్నీలో ఒక యూనివర్సిటీ వాళ్ళు ఆయన్ని పిలిపించుకున్నారు. సంతకం పెట్టడం, బస్సు నంబరు చూసుకోవడం తప్ప చదువు లేనిదాన్ని, వెనకాలే వచ్చాను.

యూనివర్సిటీ పిల్లల ఫుట్‌బాల్ జట్టు చుట్టుపక్కల పేటలవాళ్ళ చిన్న లీగ్‌లో ఆడేది. బస్సు డిపో వాళ్ళొక జట్టు, ఇటుకల ఫ్యాక్టరీ వాళ్ళొక జట్టు. రెఫరీ ఒక్కడే వచ్చేవాడు. గీత మీద జెండా పట్టుకుని నిలబడటానికి ఏ జట్టు మనిషిని ఆ జట్టే ఇచ్చుకోవాలి. మనవాడు బంతి అందకముందే అవతలివాళ్ళని దాటి ముందుకెళ్ళి నిలబడితే, మనవాడైనా సరే, తప్పని జెండా ఎత్తాలి; ఇక ఆ గోల్ చెల్లదు. కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఆడి మోకాలు పాడుచేసుకున్న మా ఆయన ఆ పనికి ముందుకొచ్చాడు. శనివారం వస్తే చాలు, పసుపు జెండా ఇస్త్రీ చేసుకునేవాడు. నేను ఫ్లాస్కులో టీ, గిన్నెలో మిరపకాయ బజ్జీలు పట్టుకెళ్ళేదాన్ని. ఆ జట్టు కోచ్ ఎండకి ఎర్రబడ్డ భారీ మనిషి. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే బజ్జీ తినేసి, ఇంకోటి అని చెయ్యి చాపేవాడు.

ఆ ఏడాది ఫైనల్ బస్సు డిపో వాళ్ళతో. ఆట అయిపోవస్తుండగా మావాడు గోల్ కొట్టాడు. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి కేకలు. చూస్తే, మా ఆయన జెండా పైకి లేచి ఉంది. గోల్ పోయింది, ఆట పోయింది. "నువ్వు ఎవరి వైపు, మేట్?" అని ఒకడు ఇంగ్లీషులో అరిచాడు. కోచ్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి ఏదో అన్నాడు. తిడుతున్నాడనే అనుకున్నాను.

ఇంటికి నడుస్తూ నేనూ అంటించాను. "కళ్ళు మూసుకుంటే పోయేదిగా. పెద్ద ధర్మాత్ముడు బయల్దేరాడు!"

"వాడు ముందుకెళ్ళి నిలబడ్డాడే. జెండా దించుకుని నీ బజ్జీలు తినమంటావా?"

మరుసటి ఏడాది మా యూనివర్సిటీ జట్టు ఆ చిన్న లీగ్ వదిలేసి పెద్ద లీగ్‌కి పోయింది. అక్కడ మెట్లున్న మైదానాలు, పెద్ద పెద్ద బోర్డులు. బస్సు డిపో జట్టులో ఆడే డ్రైవరు నన్ను చూసి, "మేం మీకు సరిపోలేదా?" అన్నాడు. ఆ తర్వాత నవ్వడం మానేశాడు.

పెద్ద లీగ్‌లో రెఫరీ వెంట బ్యాడ్జీ పెట్టుకున్న జెండావాళ్ళు ఇద్దరు వస్తారు. మా ఆయన జెండాతో పనిలేదు. ఇక్కడ వేసవి డిసెంబరు, జనవరిలో. ఆ వేసవిలోనే రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు, ఆయన ఉద్యోగం ఆగింది. బాగా చేశావు, ఇక అవసరం లేదన్నారు. మనిషి ఇంట్లో కూలబడ్డాడు. శనివారం మాత్రం ఎంత దూరమైనా పోయి తాడు బయట నిలబడేవాడు.

నాకు కడుపు మండేది. "ఒక్క జెండా ఎత్తారని మిమ్మల్ని వదిలించుకోవడానికి లీగే మార్చారు. ఆ ఎర్రమొహంవాడి నోట్లో మన్ను పడ!" అని రోజూ తిట్టేదాన్ని. ఆయన పప్పన్నం కలుపుకుంటూ వినేవాడు. "మజ్జిగ పొయ్యి" అనేవాడు.

ఆయన పోయిన మూడో రోజున కోచ్ ఆ జెండా ఉతికి, మడతపెట్టి తెచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయాడు. "గో" అన్నాను. నా జన్మలో ఇంగ్లీషు మాట ఒక్కటే అంత స్పష్టంగా పలికాను. తలుపేశాను. జెండాతోనే వెనక్కి పోయాడు.

ఇన్నేళ్ళకి, పోయిన నెల ఆ ఇల్లు ఖాళీ చేసి, సిడ్నీలోనే ద పాండ్స్ అనే పేటలో ఉంటున్న నా చెల్లెలి కూతురి దగ్గరకు వచ్చాను. ఇది రాస్తున్నది ఆ పిల్లే. ఇల్లు ఖాళీ చేసే రోజున, అక్కడి వంటింటి అలమరాలో కందిపప్పు డబ్బా కింద పరిచిన కాగితం లాగి పారేయబోతూ ఆగింది. పక్కన చిల్లులుండే పాత కంప్యూటరు కాగితం.

"పెద్దమ్మా, వెయిట్. ఇది పెద్ద లీగ్‌కి రాసిన లెటర్. పెదనాన్నే టైప్ చేశాడు."

చదివి చెప్పింది. మమ్మల్ని చేర్చుకోండి, మీ దగ్గర బయటివాళ్ళు జెండా పడతారు కనుక అదే మాకు కావాలి అని రాశాడట. నిరుడు ఫైనల్లో ఎత్తబోతూ నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఆగిన చేతిని నేను నమ్మను అని రాశాడట. అంచున కోచ్ చేతిరాత: నీ జెండా పోతుంది, ఆలోచించుకో. దాని కింద మా ఆయన చేతిరాత: ఆలోచించాను.

చెయ్యి ఆగిందని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పుకున్నాడు. పక్కలో పడుకున్న నాకు చెప్పలేదు. నేను ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిడుతుంటే, కాదే, నేనే అడిగానే అని ఒక్క మాట అనలేదు. పైగా ఆ కాగితం నా చేతికిచ్చి అలమరాలో పరచమన్నది ఆయనే. నాకు చదవడం రాదని తెలిసే ఇచ్చాడు. పోయినవాళ్ళని అనకూడదంటారు. నేను అంటాను.

కోచ్ ఇప్పుడు ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉన్నాడట. ఈ పిల్ల కనుక్కుంది. సోమవారం వెళ్దాం, ఇదంతా ఇంగ్లీషులో ఆయనకి నేను చెప్తానంటోంది. వెళ్తాను. జెండా ఇంకా ఉంచాడో లేదో, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. ఏమనుకుని ఆయన్ని గుమ్మంలోంచి వెళ్ళగొట్టానో మాత్రం దాచకుండా చెప్పాలి. మా ఇంట్లో దాచినవాళ్ళు ఒకరు చాలు.

సరిగ్గా రాశావో లేదో ఒకసారి చదివి వినిపించమ్మా. మొదటి నుంచి వద్దు. ఆయన పప్పన్నం కలుపుకుంటూ వినేవాడని చెప్పానే, అక్కణ్ణుంచి చదువు.