పాల కవర్ల నీళ్ల పొయ్యి

ఆ రోజుల్లో నా అంత పర్యావరణ ప్రేమికుడు మెదక్ పట్టణంలో ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నా ఒక్కడిదే అన్నది వేరే సంగతి.) టేక్మాల్ నుంచి వచ్చి, ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరుగా చేరి, ఓ ఇంటి వెనక గదిలో కిరాయికి దిగాను. వాకిట్లో నీళ్ల పొయ్యి ఉండేది. పొద్దున్నే గల్లీలో పడి ఉన్న పాల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు బస్తాలోకి ఏరుకొచ్చి, వాటితోనే కట్టెలు ముట్టించి నీళ్లు కాచుకునేవాణ్ని. గల్లీకి శుభ్రం, నాకు వేడినీళ్లు. ఈ ఘనకార్యాన్ని బడిలో పిల్లలకు చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఇంటామెను అక్కా అని పిలిచేవాణ్ని. ఆమె మూడేళ్ల కూతురు చిట్టి, నేను పొయ్యి ముట్టించగానే పీట లాక్కుని పక్కన కూర్చునేది. చలికాలం కదా, ఇద్దరం చేతులు కాచుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం.

ఆ చలికాలంలోనే నాకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం తాగాను, తమలపాకు నమిలాను, అది పోలేదు. రెండు వారాలు దాటిన దగ్గును అశ్రద్ధ చేయవద్దని బస్టాండు గోడ మీద రాసి ఉండేది. రోజూ చూసే రాతే, కానీ ఆ రోజు నా పేరు పెట్టి రాసినట్టే అనిపించింది. టీబీ! ఇక అద్దం ముందు చొక్కా విప్పి పక్కటెముకలు లెక్కపెట్టడం మొదలైంది. (లెక్కల మాస్టర్ని, అయినా ఒక్కోసారి ఒక్కో లెక్క వచ్చేది.) నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. ఒంటరిగా ఉండేవాడు ఎవరి నుంచి వేరుగా పెట్టుకున్నాడని మాత్రం అడగకండి. దవాఖానకు పోదామంటే, డాక్టరు అవునంటాడేమోనని భయం. నా సైకిల్ తమ్ముడికి ఇవ్వమని నాన్నకు ఉత్తరం రాసి, చదువుకుని ఏడ్చి చింపేశాను.

అంతవరకు భయం నా కోసమే. ఒక రోజు పొయ్యి దగ్గర చిట్టి దగ్గింది. ఆగకుండా, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా దగ్గింది. పిల్లకు నా రోగం అంటించానే అనుకుని, చిట్టి చేతులు చాచినా ఎత్తుకోకుండా గదిలోకి పోయి తలుపేసుకున్నాను. మూడు రోజులు అదే తంతు. అక్క తలుపు దగ్గరికే వచ్చింది.

"ఏం తమ్మీ, పిల్లను దగ్గరికి రానిస్తలేవు? మా మీద ఏమన్న కోపమా?"

"కోపం కాదక్కా... జర పని ఉంది" అని గొణిగి, తలకు తువ్వాలు చుట్టుకుని, తెలిసినవాళ్లు చూడకుండా ఏకంగా తూప్రాన్ బస్సెక్కాను. అక్కడి డాక్టరు కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించి, రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు. ఆ రెండు రోజులూ ఎట్లా గడిచాయో చెప్పలేను.

"టీబీ లేదు, ఏం లేదు" అన్నాడు డాక్టరు. "నీళ్లు దేంతోని కాగవెడ్తవ్?"

"కట్టెలే సార్. ముట్టించనీకి పాల కవర్లు. రోజుకొక సంచెడు." (గర్వంగానే చెప్పాను.)

"గా పొగనే నిన్ను దగ్గిస్తున్నది. నీ పక్కపొంటి ఇంకెవరన్న కూసుంటరా?"

"మూడేళ్ల పిల్ల సార్" అన్నాను.

మరునాడే బస్తా మొత్తం మున్సిపాలిటీ బండిలో వేశాను. కట్టెలూ మానేసి, బిందె నిండా నీళ్లు పొద్దంతా ఎండలో పెట్టి, బడి నుంచి వచ్చాక స్నానం చేయడం అలవాటు చేసుకున్నాను. "అక్కా, కవర్ల పొగ పిల్లలకు మంచిది కాదట" అని ఏదో పేపర్లో చదివినట్టు చెప్పాను. నన్ను చూసి కవర్లతోనే పొయ్యి ముట్టించే ఆమె కూడా మానేసింది. పది రోజుల్లో నా దగ్గు, చిట్టి దగ్గు రెండూ పోయాయి. "మా తమ్మి చెప్పవట్టే పిల్ల దగ్గు తగ్గింది" అని అక్క గల్లీ అంతా చెప్పింది. నేను తల వంచుకుని ఆ మెప్పంతా తీసుకున్నాను.

చిట్టి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న బజారులో కనిపించి, "మామా, చిన్నప్పుడు నా దగ్గు నువ్వే తగ్గించినవట గదా!" అంది. నవ్వి తలూపాను. ఆ దగ్గు తెప్పించింది కూడా నేనే తల్లీ అని చెప్పడానికి, ఇన్నేళ్లయినా నాకు భయమే.