బీరకాయ కూరలోంచి కనిపించిన గేటు

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నూనె మాకు ఆహారంలో ఒక భాగం కాదు, అదే ఆహారం. మిగతావన్నీ దాన్ని నోటిదాకా మోసుకొచ్చే వాహనాలు. కాలేజీ వదలగానే పద్మారావు నగర్‌లో మా వీధి మలుపున ఉన్న బజ్జీల బండి దగ్గర నేనూ, లడ్డూ (పేరుకే లడ్డూ, మనిషి అగరుబత్తి) హాజరు వేయించుకునేవాళ్లం. అలాగని ఆరోగ్యం పట్టని వాళ్లమనుకోకండి. ప్రతి మిర్చీబజ్జీనీ పేపరు ముక్కలో పెట్టి, రెండు అరచేతుల మధ్య గట్టిగా ఒత్తి, నూనె పిండాకే తినేవాళ్లం. "గిట్ల ఒత్తితే ఫ్యాటంతా పేపర్‌కే పోతది మామా, ఇగ మనం తినేది ఉత్త మిరపకాయనే" అనేవాడు లడ్డూ. ఆ లెక్కన రోజుకు ఆరేసి కూరగాయలు తినేవాళ్లం.

ఇంట్లో సంగతి వేరు. నాన్నకు స్టెంట్ వేసిన రోజే అమ్మ బాణలిని అటక ఎక్కించింది. సరిగ్గా అప్పుడే, న్యూట్రిషన్‌లో పీజీ చేస్తున్న మా అక్కకు కాలేజీ పిల్లలు కొవ్వు ఎంత తింటున్నారో తేల్చే ప్రాజెక్టు వచ్చి పడింది. పన్నెండు ఫారాలు నా చేతిలో పెట్టి, "ఒరేయ్, వారమంతా ఏమేం తిన్నారో మీ క్లాసువాళ్ల చేత నిజం రాయించు. సోమవారానికి ఇవ్వకపోతే నా డిగ్రీ గోవిందా" అంది. రాయించేవాణ్ణే. కానీ అక్క ఏ కాగితం చదివినా పక్కన కళ్లజోడు పెట్టుకుని అమ్మ కూడా చదువుతుంది.

అందుకని ఫారాలన్నీ బండి దగ్గరే నింపాం. నా కష్టం చూసి మిత్రులందరూ జాలిపడి నాతోపాటు సాధువులైపోయారు. ఉడికించిన బీరకాయ, మజ్జిగ, మొలకలు, మళ్లీ బీరకాయ. (వాళ్లలో సగం మంది బీరకాయను చూసి కూడా ఉండరు.) ఇంతలో వాన పడి బండాయన పేపర్ల కట్ట తడిసి ముద్దయింది. బజ్జీలేమో పొగలు కక్కుతున్నాయి. ఒత్తకుండా ఎలా తింటాం? చేతిలో ఉన్న కాగితాలతోనే ఒత్తాం. సోమవారం పొద్దున అక్క ఆటో ఎక్కుతుండగా, అమ్మ కంట పడకుండా, కవరులో పెట్టి అందించాను. చాలా తెలివైన పని చేశానని మధ్యాహ్నం దాకా అనుకున్నాను.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "లడ్డూని తీసుకుని మా కాలేజీకి రా. ఇప్పుడే." వెళ్లేసరికి అక్క ముక్కు ఎర్రబడి ఉంది. ఇవన్నీ నువ్వే కూర్చుని రాసుకున్నావు, మనుషులెవరూ ఇలా తినరు, ప్రాజెక్టు తీసుకోను అని వాళ్ల మేడమ్ తేల్చి చెప్పారట. మమ్మల్ని తన గదిలోకి పిలిచి, ఆవిడ నా ఫారాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని అన్నారు: "ఇందులోంచి మా కాలేజీ గేటు కనిపిస్తోంది బాబూ. ఉడికించిన బీరకాయకు ఇంత నూనె ఎక్కడిది?"

"గది మేం తీసేసిన నూనె మేడమ్," అన్నాడు లడ్డూ వినయంగా. "మేం జెర హెల్త్ చూస్కుంటం."

అక్క కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నా జీవితంలో త్యాగం చేయాల్సిన ఘట్టం వచ్చేసింది. కాకపోతే చెప్పాల్సిన డైలాగే అంత గొప్పగా లేదు. "రోజుకు ఆరు మిర్చీలు మేడమ్. ఆదివారం ఎనిమిది. అక్క తప్పేం లేదు, అమ్మకు భయపడి నేనే రాయించాను."

మేడమ్ కాసేపు నవ్వాపుకోలేక ఫారంతోనే ముఖం దాచుకున్నారు (కాగితం పారదర్శకంగా ఉండటం వల్ల ప్రయోజనం లేకపోయింది). "కొత్త ఫారాలు తీసుకెళ్లి నిజం రాయించు. పాతవి పారేయకు. పిల్లలు ఏం తింటారో ఒక పట్టిక, ఏం తింటున్నామని చెబుతారో ఇంకో పట్టిక" అన్నారు అక్కతో.

అక్క పాసైంది. ఇంట్లో నా సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. బైండు చేయించిన ప్రాజెక్టు పుస్తకం చివర మాత్రం నమూనాగా నా పాత నూనె ఫారం అతికించింది. అమ్మ ఆ పుస్తకాన్ని షోకేసులో పెట్టి, వచ్చినవాళ్లందరికీ చివరి పేజీ దాకా చూపిస్తుంది. నాతో ఏమీ అనలేదు. ఆ ఏడాదంతా నా కంచంలో బీరకాయే వడ్డించింది.

మొన్న ఆఫీసులో హెల్త్ చెకప్ ఫారం ఇచ్చారు. వేపుళ్లు ఎంత తరచుగా తింటారు? 'అరుదుగా' అని రాశాను. ఈసారి నిజమే. అప్పుడు మేడమ్ చేసినట్టే కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి చూశాను. అవతల ఏమీ కనిపించలేదు. ఆనాటి నాలోని అబద్ధాలకోరు వెధవ మీద కాస్త బెంగ పుట్టింది.