మూడు జాన్ల ఆట

మొన్న మా మనవరాలి ఫోన్‌లో ఆట మధ్యలో ఆగిపోయింది. ప్రాణాలు అయిపోయాయి, కావాలంటే కొనుక్కో అని తెర మీద రాత. పిల్ల విసుక్కోనైనా లేదు. వాళ్ళ నాన్న దగ్గరికి పోయి కొనిపించుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇదే బేరం కొత్తగా మొదలైన రోజుల్లో నాందేడ్‌లో నెత్తురు కారింది, అదీ మా మేనమామ దుకాణంలో.

ఎనభైల నాటి మాట. కాలేజీ చదువుకని నేను ఆయన ఇంట్లో ఉండేదాన్ని. తాత నాటి బట్టల దుకాణం, ఇంటి ముందు గదిలోనే. గిరాకీ పల్చబడితే మామ బొంబాయి కంపెనీ నుంచి వాటాకి రెండు వీడియో గేమ్ మిషన్లు తెచ్చి తానుల పక్కన నిలబెట్టాడు. అత్త వాటికి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్ళు బటన్లలోకి దిగి ఒకటి మొదటి రోజే మొరాయించింది. రూపాయి బిళ్ళ వేస్తే ఐదు జాన్లు. జాన్ అంటే ప్రాణం. విమానం కూలినప్పుడల్లా ఒకటి పోతుంది. దీనికి మా బజారు జనం తమదైన మర్యాద ఒకటి పెట్టుకున్నారు. చేయి తిరిగినవాడు తన ముచ్చట తీరేదాకా ఆడి, మిగిలిన జాన్లు పక్కన నిలబడ్డవాడికి వదిలిపోవాలి. వదలనివాడికి ఎవరూ చాయ్ తాగించేవారు కాదు. అందరికంటే ఎక్కువ వదిలేది కుండల్‌వాడి నుంచి వచ్చి లారీలకు మూటలెత్తే ఒక పహిల్వాన్. అతని మెడ నా నడుమంత ఉండేది. ఆట మీట మాత్రం పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

దుకాణం నిండా జనం, డబ్బాలో మాత్రం బిళ్ళలు తక్కువ. బొంబాయి నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. ఈ దానధర్మాలన్నీ కాసేపు చూసి, మిషన్ వెనక తలుపు తీసి ఏవో చిన్న మీటలు నొక్కాడు. ఐదు జాన్లు మూడయ్యాయి, శత్రు విమానాలు జోరందుకున్నాయి. బోర్డు రాసి పెడతానన్నాడు మామ. కొలత మారితే గిరాకీకి ముందే చెప్పడం మా ఇంటి పద్ధతి. చెబితే మిషన్లు ఎత్తుకుపోతానన్నాడు వాడు. మామ నోరు మూసుకున్నాడు.

మరునాడు పహిల్వాన్ బిళ్ళ వేశాడు. ఎన్నడూ కూలని చోట మూడు విమానాలూ కూలిపోయాయి. వెనక ఎవడో నవ్వాడు. పహిల్వాన్ తలతోనే మిషన్ అద్దాన్ని పగలగొట్టాడు. నుదుటి నెత్తురు కళ్ళలోకి దిగుతుంటే మామ మెడ పట్టుకున్నాడు.

"రెండు జాన్లు ఏడ దాచినవ్ సేటూ? బట్టల గజం గూడ గిట్లనే కోసినవా?"

"నేను ముట్టలే బిడ్డా! కంపెనోడు అచ్చిండు, తిప్పిండు, పోయిండు!"

ఎవరూ నమ్మలేదు. నమ్మినా లాభం లేదు. కంపెనీ బొంబాయిలో ఉంది, చేతికందిన మెడ మామది. మిషన్‌ను నలుగురు కలిసి తన్ని పడేశారు. తానులు బజారులో దొర్లాయి. పహిల్వాన్ బట్టలు కొలిచే ఇనుప గజం అందుకున్నాడు. మామ తలకు అడ్డం పెట్టిన కుడి చేయి మీద అది పడితే, చెరుకు విరిచినంత చప్పుడు వినిపించింది. నేనూ అత్తా రోకలిబండలు పట్టుకుని ఉరికాం. నేను పహిల్వాన్ మోకాలి మీద ఒకటి వేశాను. దానికి ఇప్పటికీ నాకు విచారం లేదు.

కంపెనీ మనిషి మళ్ళీ వచ్చి మామ కట్టు వంక చూడలేదు, అద్దం వంక చూసి అయ్యయ్యో అన్నాడు. ఐదు జాన్లు మళ్ళీ పెట్టమని మామ ఎడమ చేత్తో వాడి గడ్డం పట్టుకుని బతిమాలాడు. "ఆదత్ హో జాయేగీ, సేఠ్" అన్నాడు వాడు, అలవాటైపోతుందని. కొత్త అద్దం బిగించి, మూడును మూడుగానే ఉంచి పోయాడు. వాడి నోట్లో మన్ను పడ అని అత్త శాపం పెట్టింది.

వాడన్నదే జరిగింది. ముందు ఊరికే చూడడానికి వచ్చారు, తర్వాత ఆడడానికి. నుదుటి మీద కుట్లతో పహిల్వాన్ కూడా కుంటుకుంటూ వచ్చి వరుసలో నిలబడ్డాడు. "చెయ్యి ఎట్లున్నది సేటూ?" అని నిజంగానే బాధపడుతూ అడిగి, జవాబు వినకుండానే బిళ్ళ వేశాడు. మూడు జాన్లూ తానే ఆడుకున్నాడు. పక్కవాడికి వదలడమనే మాటను ఆ తర్వాత దుకాణంలో నేను వినలేదు. మామ ఎముక వంకరగానైనా అతుక్కోవడానికి కొన్ని నెలలు పట్టింది. జనం మారిపోవడానికి అంత కాలం కూడా పట్టలేదు.