ఇంజనుకు పోసిన కొబ్బరినూనె

ఇన్నేళ్లయినా కొబ్బరినూనె వాసన తగిలితే నాకు కోపం వస్తుంది. తలకు కూడా ఆముదమే రాసుకుంటాను.

మా క్రైస్తవ సంఘానికి చెరువు మీద ఒక ఇంజను పడవ ఉండేది. కోస్తా నుంచి రైల్లో వచ్చిన పాతది. దాన్ని నడిపేది నేను. వారానికి మూడు రోజులు మందులిచ్చే నర్సమ్మను అవతలి గట్టు పల్లెలకు తీసుకుపోయేవాణ్ణి. చలికాలంలో ఒక ఉదయం నడిచెరువులో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నర్సమ్మా నేనూ తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు చేరాం.

ఒడ్డున మా సంఘ పెద్ద నిలబడి ఉన్నాడు. ఇంజనుకు ఏమైందని అడగలేదు.

“మొన్న ఐతారం ఆరాధనైనంక యాడున్నవ్ తమ్మీ?”

“పరకాలల. మా మేనమామ బిడ్డ పెండ్లికి పోయిన.”

“ఆడ అన్నం తిన్నవా?”

“పెండ్లికి పోయి తినకుంట ఎట్లొస్త పెద్దయ్యా?”

మా మేనమామ సంఘంలోకి రాలేదు. ఆ పెళ్లి వాళ్ల దేవుళ్ల ముందు జరిగింది. పెద్దకు అది చాలు. తర్వాతి ఆదివారం నాకు బల్ల ఆపేశాడు. ప్రభు సంస్కారాన్ని మేము బల్ల అంటాం. బల్ల ఆగినవాడి పక్కదాకా రొట్టె పళ్లెం వస్తుంది, అతన్ని దాటి అవతలివాడి చేతికి పోతుంది. బాప్తిస్మం పొందిన నాటి నుంచి ఒక్కసారీ బల్ల తప్పనివాణ్ణి. నా పాపం వల్లే ఇంజను ఆగిందట. సంఘం ముందు అది ఒప్పుకుంటేనే మళ్లీ బల్ల. అంటే దేవుని ముందు అబద్ధమాడి దేవుని రొట్టె తినాలి.

మర్నాడు క్రూడాయిలును ఇంజనులోకి కొట్టే పంపును విప్పి, గోనెగుడ్డలో చుట్టి, మట్టెవాడలో ఉస్తాదు దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన ఇంజన్లు బాగుచేస్తూ ముసలివాడయ్యాడు. పంపు విప్పగానే వేళ్లకు తెల్లని ముద్ద అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చూశాడు.

“ఏంది భాయ్, ఇంజనుకు తలంటు పోసిన్రా?”

నేను నవ్వలేదు.

“కొబ్బరినూనె భాయ్. సలికి గడ్డకట్టింది. అండ్ల దీపం మసి గూడ ఉన్నది. పంపు ముందే అరిగున్నది. పీనుగకు కప్పినట్టు గిది దానికి కఫన్ కప్పింది. ఇగ మార్చుడే.”

ఆ నూనె ఎక్కడిదో నాకు అక్కడే తెలిసింది. మందిరం కిటికీలో దీపం పక్కన ఒక సీసా ఉంటుంది. రోగులకు ప్రార్థన చేసి రాసే నూనె. ఒలీవ నూనె మాకు దొరకదు కనుక కొబ్బరినూనె. తిరిగి వచ్చి నర్సమ్మను అడిగాను.

“నువ్వు పెండ్లికి పోయిన నాడు పెద్దయ్య పడవకు ప్రార్థన జేసి, సీసంత టాంకిల పోసిండు.”

“నాకు చెప్పద్దా అక్కా?”

“ప్రార్థన జేసిన నూనె గద, మంచే జేస్తదనుకున్న.”

రోగికి నూనె రాయమని లేఖనంలో ఉంది. దాన్ని నేను నమ్ముతాను; నా బిడ్డ జ్వరానికి నేనే రాయించాను. ఇంజనుకు పొయ్యమని అపొస్తలుల ఏ పత్రికలో ఉంది, ఏ అధ్యాయంలో ఉంది? పోసింది ఆయన. పాపం నాది. ఆ వారమంతా మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా నా పళ్లు బిగుసుకునే ఉన్నాయి.

స్టేషన్ ఘన్‌పూర్‌లో మూలపడ్డ బియ్యం మిల్లు ఇంజను పంపు ఒకటి ఉస్తాదు తెచ్చిపెట్టాడు. టాంకీ దించి మూడుసార్లు కిరసనాయిలుతో కడిగాను. రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడింది. పంపు బిగించి, క్రూడాయిలును గుడ్డలో వడగట్టి పోసి, గొట్టం మర వదులు చేశాను. బుడగలు పోయి చుక్క సన్నటి ధారయ్యాక మర బిగించి హ్యాండిల్ తిప్పాను. నాలుగో తిప్పుకు ఇంజను అందుకుంది.

ఆ చప్పుడు విని పెద్ద వచ్చాడు. చేతిలో సీసా.

“దేవుడు దయ జూసిండు. మూత తియ్యి.”

టాంకీ నోటిని అరచేత్తో మూశాను.

“పొయ్యాల్నంటె నా నెత్తి మీద పొయ్యిండ్రి పెద్దయ్యా. ఇండ్ల పొయ్యనియ్య.”

“ప్రతిష్ఠ జేసిన నూనె పాడుజేస్తదా?”

“ప్రతిష్ఠ సంగతి పంపుకేం ఎరుక?”

పాత పంపు తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూశాడు. తెల్లని ముద్దను గోటితో గీకాడు. చలికి సీసాలో నూనె సగం గడ్డకట్టి ఉంది, దాన్నీ చూశాడు. పడవలో కూర్చున్న నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్ద సీసా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం ఎవరూ నన్ను ఏమీ ఒప్పుకోమనలేదు. తప్పు తనదని పెద్దా చెప్పలేదు. పళ్లెం తనే పట్టుకుని వచ్చి నా ముందు ఆగాడు. అందరూ చూస్తున్నారు. నాకు కావలసింది అదే. కానీ సహోదరుడితో సమాధానపడకుండా బలిపీఠం దగ్గరికి రాకూడదని ప్రభువు చెప్పాడు. పొద్దుటి నుంచి ఆ మనిషిని మనసులో నేను అనని మాట లేదు. చెయ్యి చాచలేకపోయాను. తల అడ్డంగా ఊపాను. పళ్లెం మళ్లీ నన్ను దాటిపోయింది.

ఆరాధన అయ్యాక పెద్ద బయట నా చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు.

“నూనె మంచిగ వడగడితె గూడ పనికిరాదా తమ్మీ?”

“రాదు” అన్నాను. ఆ ఒక్క మాటా కోపంగానే వచ్చింది.