రాహేలమ్మ గుప్పెడు

గురజాల చుట్టుపక్కల మిరపకోతలంటే మేస్త్రి రాహేలమ్మ ఉండాల్సిందే. చీర మీద మొగుడి పాత చొక్కా, తలకు తువ్వాలు, ఘాటుకు ఎప్పుడూ తడిగా ఉండే కళ్లు. తెల్లారేసరికి ఆటో నిండా ఆడకూలీలను ఎక్కిస్తుంది. చేలో మాత్రం ముసలి దీనమ్మ పక్క సాలే పడుతుంది. దీనమ్మ వేళ్లు సరిగా వంగవు. అందుకని రాహేలమ్మ మాటల మధ్యలో, అటు చూడకుండానే, అప్పుడో గుప్పెడు ఇప్పుడో గుప్పెడు కాయ ఆమె గోతంలో వేస్తుంటుంది. ముసలామె గోతం మూతి తెరిచి పట్టుకుంటుంది. రోజు కూలి కాబట్టి ఎవరికీ తగ్గేదేమీ లేదు, ఆమె వెనకబడినట్టు ఆసామికీ కనిపించదు.

ఈసారి ఆసామి గట్టు మీద కాటా పెట్టించాడు. "ఇయ్యాల్టి నుంచి కిలోల లెక్క. ఎవరు కోసిన కాయకు వాళ్లకే కూలి" అన్నాడు. రాహేలమ్మ చాలాసేపు బతిమాలింది. "ఇష్టం లేకపోతే చెప్పు, వేరే ముఠా వస్తది" అన్నాడు.

ఆ పూట సాళ్లలో ఎవరి గోతం వాళ్లు గబగబా నింపుకుంటున్నారు. గుప్పెడు నిండగానే రాహేలమ్మ చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లింది. దీనమ్మ గోతం మూతి తెరిచింది. చెయ్యి కాసేపు అక్కడే ఆగి, వెనక్కి వచ్చి, సొంత గోతంలో కాయ వదిలింది.

"ఘాటు చానా ఎక్కువుందే ఇయ్యాల" అంటూ దీనమ్మ కళ్లు తుడుచుకుంది. గోతం మూతి మాత్రం ఇంకా మూయలేదు.