వరదలో మామ్మ మడి

పదహారేళ్ళ వయసులో నాకు అన్నీ తెలుసు. ఇంటర్లో బైపీసీ తీసుకున్నాను కాబట్టి మనిషి శరీరం గురించి తెలుసు. మామ్మ దగ్గర పెరిగాను కాబట్టి మడీ ఆచారం గురించి తెలుసు. ఈ రెండింటికీ పొసగదని ఎవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు. మడి అంటే సైన్సేనని పంచె కట్టుకున్న ఒకాయన వివరించే వీడియో నా ఫోన్‌లో ఉండేది. క్లాసులో అమ్మాయిలందరికీ దాన్ని పంపాను. క్రిములు, రోగనిరోధక శక్తి అంటూ ఆయన మాటలే చిలకలా అప్పజెప్పేదాన్ని. నా పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం ఒకసారి, "మరి నా క్యారేజీలో కూర ఎందుకు తినవే? మా అమ్మ కూడా చేతులు కడుక్కునే వండుద్ది" అంది. దానికి జవాబు ఆ వీడియోలో లేదు. నేను మాట మార్చేశాను.

మాది కోనసీమలో గోదావరి పాయ పక్కన, ఏటిగట్టుకి లోపలివైపు ఉన్న లంక ఊరు. నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు. మామ్మ ఆయన తల్లి. పొద్దున్నే స్నానం చేసి, దండెం మీద ఆరిన మడిచీర కట్టుకుందంటే, వంటయి దేవుడికి నైవేద్యం పెట్టి తను భోంచేసేదాకా ఎవరినీ తాకేది కాదు. ఎవరైనా తాకితే మళ్ళీ స్నానమే. కొడుకైనా సరే, కోడలైనా సరే. నాకొక్కదానికే మినహాయింపు ఉండేది. అదీ నేను కూడా తలమీద నీళ్ళు పోసుకుని మడి కట్టుకుంటేనే. ఎందుకంటే మామ్మకి సుగరు. రోజూ భోజనానికి ముందు ఇన్సులిన్ వెయ్యాలి, ఆ పని నాది; నెలలో నేను బయటుండే మూడు రోజులూ మాత్రం మామ్మే ఎలాగో వేసుకునేది. అది నాకెంత గొప్పగా ఉండేదో చెప్పలేను. ఇంట్లో ఇంకెవరికీ లేని హోదా అది.

అన్నం పొయ్యిమీద కుతకుతలాడుతుండగా నేను సూది వేసేదాన్ని. అన్నం ఉడికి, నైవేద్యమై, మామ్మ విస్తరి ముందు కూర్చునేసరికి సరిగ్గా వేళయ్యేది. డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి ఒక్క మాట గట్టిగా చెప్పారు. "సూది వేశాక అన్నం లోపలికి పోవాల్సిందే తల్లీ. పోకపోతే సుగరు పడిపోద్ది. చెమటలు పడతాయి, మాట తడబడుద్ది. అప్పుడు తీపి ఏదో ఒకటి పెట్టాలి. ఆలస్యం చేశావా, మనిషి దక్కదు."

ఆ వరదప్పుడు అమ్మా నాన్నగారూ రాజమండ్రిలో ఒక గృహప్రవేశానికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. కాజ్‌వే మునిగిపోయింది. ఇంట్లో మామ్మా నేనే ఉన్నాం. కరెంటు పోయింది, ఫోన్లో చార్జింగ్ పోయింది. పొద్దున లేచేసరికి నీళ్ళు వీధి మెట్లు ఎక్కుతున్నాయి. మామ్మ మెట్టుకి పసుపు కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుంది. "ఏటా వచ్చే ఆడపడుచేనే, పలకరించి పోతుంది" అంది. నేనూ నమ్మాను. ఎప్పటిలాగే స్నానం చేసి, మడి కట్టుకుని, అన్నం ఉడుకుతుండగా సూది వేశాను.

ఆ తరవాతే పడవ వచ్చింది. లైఫ్ జాకెట్లు వేసుకున్న కుర్రాళ్ళు గుమ్మం ముందుకే తెచ్చి ఆపారు. "ఇప్పుడే ఎక్కాలండి మామ్మగారూ, పైనుంచి నీళ్ళు ఇంకా వదుల్తున్నారంట. మళ్ళీ ట్రిప్పు ఉండదండి." వెనక్కి తిరిగి చూస్తే వంటింట్లోకి నీళ్ళు పాకుతున్నాయి. అన్నం అప్పుడే అయింది. క్యారేజీలో పెట్టేస్తానన్నాను. మామ్మ నా చెయ్యి ఆపింది.

"పడవలో అందరి మధ్యా పెట్టుకు తీసుకెళ్ళాక అది మడన్నమేంటే? నైవేద్యం కూడా కాలేదు. వదిలెయ్యి. అక్కడికెళ్ళాక చూసుకుందాం."

వదిలేశాను. మామ్మ మాట తోసెయ్యలేక కాదు. నాకూ అదే న్యాయం అనిపించింది. సూది వేసిన చేత్తోనే గిన్నె మీద మూత పెట్టి వచ్చేశాను. ఉడికిన అన్నాన్ని పొయ్యిమీద ఉంచి, ఇన్సులిన్ వేసిన మనిషిని ఖాళీ కడుపుతో పడవెక్కించడం మా ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా జరగదు. పూజకని తెచ్చిన అరటిపళ్ళు దేవుడి అలమరలో ఉండిపోయాయని పడవ సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది. తిప్పమని అడిగాను. పడవ నడిపేవాడు నావైపు చూసి, తలకాయ అడ్డంగా ఊపాడు.

గట్టు అవతల హైస్కూల్లో పునరావాస కేంద్రం పెట్టారు. మమ్మల్ని ఒక క్లాసు గదిలో కూర్చోబెట్టారు. బెంచీలు గోడలకి జరిపి చాపలు పరిచారు. వరండాలో పెద్ద గుండిగలో ఉప్మా ఉడుకుతోంది. వడ్డించే ఆవిడ విస్తరాకు తెచ్చి మామ్మ ముందు పెట్టింది.

"నాకివాళ ఉపవాసం అమ్మా" అంది మామ్మ.

ఆవిడ వెళ్ళిపోయాక నేను గొంతు తగ్గించి, "మామ్మా, సూది వేశాను కదా" అన్నాను.

"ఎవరు వండారో, ఎలా వండారో. పళ్ళేవైనా దొరుకుతాయేమో చూడు. పళ్ళకి దోషం లేదు. పంచదారకీ లేదు."

పరిగెత్తాను. స్కూలు ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు మూసి ఉంది. కొబ్బరికాయలకీ అరటిగెలలకీ పెట్టింది పేరైన నేల మీద ఒక్క పండు కోసం గేటు దగ్గర నుంచి వంట దగ్గరికీ, వంట దగ్గర నుంచి గేటుకీ తిరిగాను. తోటలన్నీ నీళ్ళలో ఉన్నాయి. వంటాయన్ని పంచదార అడిగితే, "టీ సరుకులు ఇంకా రాలేదమ్మా, వ్యాన్ వస్తంది" అన్నాడు. ఆ వ్యాన్ ఎప్పుడొస్తుందో ఆయనకీ తెలీదు. గుండిగ నిండా ఉప్మా ఉంది. అందరూ తింటున్నారు. నేను మాత్రం మామ్మ తినగలిగేదేదో వెతుకుతున్నాను. అప్పుడు మొదటిసారి నాకు భయంతో పాటు చిరాకు కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి మామ్మ గోడకి జారగిలబడి ఉంది. జాకెట్టు చెమటకి తడిసిపోయింది. నన్ను చూసి, "వదినా, పిల్లాడికి నీళ్ళు పోశావా?" అంది. ఆ వదిన నేను పుట్టకముందే పోయిందట. డాక్టరుగారు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా నా కళ్ళముందు జరుగుతున్నాయి. ఉప్మా తెచ్చి నోట్లో పెట్టబోయాను. మామ్మ పళ్ళు బిగబట్టింది. తెలివి తప్పుతూ కూడా ఆ పళ్ళు వదల్లేదు. అది రోగమో ఆచారమో నాకిప్పటికీ తెలీదు.

"ఎవరి దగ్గరైనా పంచదార ఉందాండీ?" అని గదంతా వినబడేలా అడిగాను.

ఎదుటి గోడ దగ్గర చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. మా ఊరి చివర కాలనీ ఆవిడ. రోజూ మా ఇంటి ముందు నుంచే తోటపనికి వెళ్ళేది. ఇన్నేళ్ళలో ఆవిడ మా గుమ్మం ఎక్కగా నేను చూడలేదు. ఎందుకెక్కలేదని ఎప్పుడూ ఆలోచించలేదు కూడా. ఆవిడ పిల్లని పక్కావిడకిచ్చి, మూటలోంచి చిన్న డబ్బా తీసింది. పిల్ల పాలలోకి తెచ్చుకున్న పంచదార. మూత తీస్తూనే గబగబా వచ్చింది. వచ్చి, మామ్మకి బారెడు దూరంలో ఆగిపోయింది.

"ముట్టుకోవచ్చాండి?" అని నన్ను అడిగింది.

మామ్మ తల వాలిపోతోంది. ఆవిడ చేతిలో పంచదార ఉంది. వాలిపోతున్న మనిషి ముందు నిలబడి, ఆవిడ నా అనుమతి కోసం చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు. ఆవిడ చేత ఆ మాట అడిగించిన దాన్ని పోయిన ఏడాదంతా సైన్సని చెప్పుకుని తిరిగింది నేనే.

"పెట్టండక్కా, త్వరగా పెట్టండి" అన్నాను.

ఆవిడ కూలబడి మామ్మ తల ఒళ్ళోకి తీసుకుంది. వేలికి పంచదార అద్దుకుని పెదవి లోపల, చిగుళ్ళకి రాయడం మొదలుపెట్టింది. మామ్మ ఆ వేలు కొరికింది. ఆవిడ మొహం చిట్లించింది గానీ వేలు తియ్యలేదు. "మింగండమ్మగారూ, మింగండి" అంటూ రాస్తూనే ఉంది. డబ్బాలో పంచదార తగ్గిపోతోంది. నేను మామ్మ చెయ్యి పట్టుకుని, ఈ ఒక్కసారికి బతికించు అని ఏ దేవుడినో మొక్కాను. మేము ఆ రోజు నైవేద్యం పెట్టని దేవుడినే అనుకుంటా.

కాసేపటికి మామ్మ గుటక వేసింది. ఇంకాసేపటికి కళ్ళు కదిలాయి. అది చూడగానే ఆవిడ మామ్మ తలని జాగ్రత్తగా నా ఒళ్ళోకి మార్చి, లేచి, మళ్ళీ బారెడు దూరం వెళ్ళి కూర్చుంది. ఎవరూ వెళ్ళమనలేదు.

మామ్మ నాలిక పెదాల మీద తిప్పుకుంది. "తియ్యగా ఉందేంటే? ఎవరు పెట్టారు?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. "మీ మనవరాలేనండి. ఆ పాపగారే పెట్టారు."

అంత తేలిగ్గా చెప్పింది. మాకోసం అలాంటి అబద్ధాలు చెప్పడం ఆవిడకి కొత్త కాదన్నట్టు చెప్పింది. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. మామ్మ మడి మామ్మకి దక్కేది.

"కాదు మామ్మా" అన్నాను. "ఈవిడ పెట్టింది. నువ్వు ఆవిడ వేలు కొరికేశావు."

మామ్మ ఆ వేలి వంక చూసింది. ఆవిడ దాన్ని చీర కొంగులో దాచుకుంది. మామ్మ తిడుతుందో ఏడుస్తుందో నాకు తెలియలేదు.

"పిల్లకి పాలలోకి మిగిలిందా?" అని అడిగింది మామ్మ.

"ఉందండి" అంది ఆవిడ. డబ్బా అడుగు నాకు కనిపిస్తూనే ఉంది. లేదు.

పంచదార ఎంతోసేపు నిలవదు, అన్నం పడకపోతే మళ్ళీ పడిపోతుంది. ఆ మాట చెప్పి ఉప్మా ముందుకి జరిపాను. మామ్మ నావైపు చూసింది, ఆకువైపు చూసింది. తరవాత గోడవైపు తిరిగి కూర్చుని, వీపు మాకు పెట్టి, మొత్తం తినేసింది. తింటున్నంతసేపూ భుజాలు కదులుతూనే ఉన్నాయి. తినడానికో, ఏడవడానికో అడగలేదు నేను. బతికింది, నాకంతే చాలు అనిపించింది.

వరద తీశాక ఇంటికి వచ్చాం. అమ్మా నాన్నగారూ ఇంకా దారిలోనే ఉన్నారు. బురద ఎత్తిపోసి, గదులు కడిగాం. మామ్మ పెరట్లో తలస్నానం చేసి, కొత్త మడిచీర కట్టుకుని వచ్చింది.

"నువ్వూ నెత్తిన నీళ్ళు పోసుకుని రా. అప్పుడే వంటింట్లోకి."

"బురద పోయేలా కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను మామ్మా. ఆ స్నానం నేను చెయ్యను."

"ఏమే?"

"నాకేం అంటుకుందని?"

అరుస్తుందని ఎదురుచూశాను. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది. మామ్మ లోపలికి వెళ్ళి వంట చేసుకుంది. సూదీ తనే వేసుకుంది. నైవేద్యం పెట్టింది. తరవాత వరండాలో గచ్చు మీద, గడపకి అవతల, ఒక ఆకు వేసి నన్ను పిలిచింది. వెళ్ళి కూర్చున్నాను.

తను గడప లోపలే నిలబడి, వంగకుండా, చెయ్యి నా ఆకుకి తగలకుండా పైనుంచి అన్నం వేసింది. పప్పు వేసింది. పుట్టి బుద్ధెరిగాక మామ్మ నాకలా వడ్డించడం అదే మొదటిసారి. ఆ మూడు రోజుల్లో అమ్మ నా గదిలోకే కంచం తెచ్చేది, తక్కిన పదహారేళ్ళూ నేను గడప లోపలే కూర్చుని తిన్నాను. బయట కూర్చుంటే అన్నం అంత ఎత్తు నుంచి పడుతుందని నాకు తెలీదు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను, వెళ్ళలేదు.

"మజ్జిగ పొయ్యనా?" అంది కాసేపటికి. గొంతు మాత్రం ఎప్పటి మామ్మదే.

"పొయ్యి" అన్నాను.

ఆ ఎత్తు నుంచే పోసింది. నేను రెండు చేతులూ దోసిలి పట్టి తాగాను.