ట్రాలీ వెనుక అక్క పేరు

చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి... నా ప్లాస్టిక్ ట్రాక్టరు. వెనుక ట్రాలీ కూడా. జుక్కల్ అంగడిలో మామ కొనిచ్చాడు. పొగగొట్టం, ముందరి జాలీ, ట్రాలీ వెనుక తలుపు... అన్నీ అద్దంలా తళతళలాడేవి.

ఆ మెరుపే నాకు నచ్చలేదు. బాన్సువాడ రోడ్డు మీద చెరుకు మోసే ఏ బండి అట్లా మెరుస్తుంది? బడిలో పిల్లలు చేసిన వస్తువుల ప్రదర్శన ఉందన్నారు. బోర్డులు రాసే పెయింటరును బతిమాలి అడుగున మిగిలిన రంగు తెచ్చి, ఆ మెరుపు మీదే పూసేశాను. ఆరింది... గోరు తగిలింది... పాము కుబుసంలా ఊడొచ్చింది!

ఏడుపు లంకించుకున్నాను. మా అక్క సుగుణ అప్పుడు ఏడో తరగతి, నేను ఐదు. అక్క అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లోని చాట దించకుండానే నవ్వింది.

"ఓరి పిచ్చోడా, నున్నగున్న దాని మీద రంగెట్ల ఆగుతది? ముందుగాల గా మెరుపు తియ్యాలె."

"ఎట్ల తీస్తవే?"

"నా గాజులు ఖరాబైనయి సూడు... గట్లనే."

బావిలో చల్లే బ్లీచింగ్ పౌడరు నీళ్లలో పడి, ఆమె మెరుపు ప్లాస్టిక్ గాజులు ఒక్క పూటలో వెలవెలబోయాయి. అప్పుడు అమ్మ తిట్టింది. అక్క మాత్రం గమనించి గుర్తుపెట్టుకుంది. దీన్ని సైన్సు అనకపోతే ఏమంటారో ఎవరైనా వచ్చి చెప్పండి, వింటాను!

పొద్దున పాత గిన్నెలో బ్లీచింగ్ నీళ్లు కలిపి ఆ మెరుపు భాగాలు నానేస్తే మధ్యాహ్నానికి మెరుపంతా పోయి మామూలు ప్లాస్టిక్ బయటపడింది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు రంగు. పొగగొట్టం పైన నలుపు, కింద తుప్పు రంగు. రెండిటి మధ్య గీత తిన్నగా రావాలని బీడీలు కట్టే దారం బిగించి చుట్టింది. దారం దాకా రంగేసి విప్పింది... కత్తితో కోసినట్టు గీత!

చివరగా ట్రాలీ వెనుక తలుపు మీద తెల్లటి అక్షరాలు... 'సుగుణ'. మా వైపు ట్రాలీల వెనుక పేర్లు రాయించడం ఆనవాయితీ. కొడుకుల పేర్లు. కొడుకులవే.

బడిలో సారు నా భుజం తట్టారు. "శబాష్‌రా! అచ్చం అసలు బండే!" ట్రాలీ తిప్పి చూశారు. "గీ సుగుణ ఎవర్రా?"

"మా అక్క సార్."

"ట్రాలీ మీద ఆడపిల్ల పేరేందిరా? గది గీకేసి నీ పేరు రాయి. గప్పుడే బల్ల మీద పెడ్త."

నేను తలూపాను. అవును, ఊపాను. ఈ వయసులోనూ ఆ తల ఊపినందుకు నా మీద నాకు కోపమే.

వెనుక నుంచి అక్క ముందుకొచ్చింది. "రంగేసింది నేను సార్. పేరు వానిదెట్లయితది?"

పిల్లలు గొల్లున నవ్వారు. సారు 'సు' మీద గోటితో గీకారు. మళ్లీ గీకారు. రవ్వంత కూడా లేవలేదు.

"ఊడది సార్. మెరుపు తీసి ఏసిన."

సారు తన గోరు చూసుకున్నారు. ట్రాక్టరును బల్ల మీద పెట్టారు. అక్క వెళ్లి, పేరు జనం వైపు ఉండేలా తిప్పి పెట్టింది!

ఆ ట్రాక్టరు ఈ రోజుకీ మా హాల్లో అలాగే, వెనుక వైపు తిరిగి ఉంది. ఆడపిల్లలకు యంత్రాల మీద ఆసక్తి ఉండదని నాతో వాదించేవాళ్లు మా ఇంటికి రండి. గోటితో గీకి చూసుకోండి.

మొన్న ఊరికి వెళ్తూ చెరుకు ట్రాలీల వెనుక చాలాసేపు ఇరుక్కుపోయాను. ఒక్కొక్క పేరే చదివాను. రోడ్డు వెడల్పైంది, బండ్లు పెద్దవయ్యాయి... ఆ పేర్లే మారలేదు.

మీ ఇంట్లో ఏ అక్క చేతి పని మీ పేరు మీద చెలామణి అయిందో రాయండి... ఆమె పేరుతో సహా.